ఉతుకు యంత్రపు తలుపు తెఱచుకొననప్పుడు



నేఁడు నేను చెప్పఁబూనిన విషయము చిన్నది. కాని పెక్కిండ్లలో ఎదురగుచున్నది. ముందువైపున గుండ్రని గాజు తలుపు గల ఉతుకు యంత్రము, అనఁగా మనము ఫ్రంటు లోడు వాషింగు మెషీను అని వ్యవహరించునది, తన పని ముగించి నిశ్చలముగా నిలిచియుండును. బట్టలు లోపల కనఁబడుచుండును. ఇల్లాలు పిడి పట్టి లాగును, తలుపు రాదు. మఱియొకమాఱు బలముగా లాగును, రాదు. అంతట ఇంటి యజమానుఁడు వచ్చి తన బాహుబలమును పరీక్షించుకొనును. పిడి విఱిగి చేతికి వచ్చును గాని తలుపు చలింపదు.

ఇట్టి సమయమున తలుపు మొండికేసినదని యందుము. అది న్యాయము కాదు. తాళము వేసి గొళ్ళెము మఱచుట మనుష్యుల స్వభావము. ఈ యంత్రపు తాళమునకు అట్టి మఱపు లేదు. ఏదో యొక కారణముచేత అది 'ఇప్పుడు తెఱవరాదు' అని చెప్పుచున్నది. ఆ కారణమును కనుఁగొని తొలఁగించుటయే మన పని. తాళముతో పోట్లాడుట కాదు. ఈ ప్రసంగమునకు సారమిదియే.

ఆ తలుపునకు కావలి యేల యని మొదట విచారింతము. కారణములు మూఁడు: వేగము, నీరు, వేఁడి.

బట్టలను పిండునపుడు లోపలి డ్రమ్ము నిమిషమునకు 1000 మొదలు 1400 చుట్ల వఱకు తిరుగును. డ్రమ్ము అడ్డుకొలత 48 సెంటీమీటర్లనియు, వేగము 1200 చుట్లనియు అనుకొని లెక్కించినచో, దాని గోడ నంటియున్న వస్తువు తన బరువునకు సుమారు 380 రెట్ల బలముతో ఆ గోడను ఒత్తుచుండును. ఒక కిలో తడిబట్ట ఆ సమయమున 380 కిలోల భారమువలె నుండు నన్నమాట. అట్టి చోట చేయి పెట్టినచో ఏమగునో వేఱుగ చెప్పనక్కఱ లేదు. ఇఁక నీటి సంగతి: గాజునకు సగము వఱకు నీరున్నపుడు తలుపు తెఱచినచో బకెట్టెడు నీరు ఒక్క పెట్టున నేల మీఁదికి దూఁకును. ప్రక్కనే కరెంటు ప్లగ్గు. తడి నేలపై వట్టికాళ్ళు. ఇఁక వేఁడి: దుప్పట్లను, పసిపిల్లల గుడ్డలను 60 డిగ్రీల నీటితోను, ఒక్కొక్కప్పుడు 90 డిగ్రీల నీటితోను ఉతుకుట కలదు. 60 డిగ్రీల నీరు ఐదాఱు సెకండ్లు తగిలిన చాలును, పెద్దవారి చర్మము సైతము తీవ్రముగా కాలును. పసివారి లేఁత చర్మము అంతకంటె త్వరగా కాలును.

ఈ భయము కల్పితము కాదు. పూర్వపు ఉతుకు యంత్రములకు పైభాగమున రెండు రోలర్లుండెడివి. వాని నడుమ తడిబట్టను దూర్చి నీరు పిండెడివారు. ఆ రోలర్ల నడుమ పిల్లల చేతులు చిక్కుకొని నలుఁగుట అమెరికాలో ఎంత తఱచయ్యెననఁగా, అచటి వైద్యులు ఆ గాయమునకు 'రింగరు ఆర్ము' అని ప్రత్యేకముగా పేరు పెట్టవలసివచ్చెను. 1937లో బెండిక్సు అను సంస్థ అచ్చటనే, ఉతుకుట, జాడించుట, పిండుట తానే చేయు ముందు తలుపు యంత్రమును ఇండ్లకు తెచ్చెను. నేఁటి యంత్రములలో పిండు పని మూసిన తలుపు వెనుక జరుగుచున్నది. ఆ తలుపును కాచునదే మన తాళము.

ఈ తాళము పని చేయు విధమును తెలిసికొన్నచో సగము చిక్కు విడిపోవును. పెక్కు యంత్రములలో దీని లోపల రెండు వేర్వేఱు లోహములను అతికించిన సన్నని రేకు కలదు. వేఁడి తగిలినపుడు ఒక లోహము ఎక్కువగాను, రెండవది తక్కువగాను వ్యాపించును. అందుచే రేకు వంగును. దాని ప్రక్క బేరియము టైటనేటు అను పింగాణివంటి పదార్థముతో చేసిన చిన్న బిళ్ళ యుండును. యంత్రము మొదలుపెట్టినపుడు కరెంటు ఆ బిళ్ళగుండ పాఱి దానిని వేఁడిచేయును. తగినంత కాఁగిన పిదప ఆ బిళ్ళ తానే కరెంటును అడ్డగించుటచే మితిమీఱి కాఁగదు. ఆ వేఁడికి రేకు వంగి ఒక చిన్న మేకును ముందుకు త్రోయును, తలుపు బిగియును. అదే కదలికతో మోటారునకు పోవు కరెంటు మార్గము కలియును. కావున తలుపు బిగియనిదే మోటారు తిరుగదు. పని ముగియఁగానే బిళ్ళకు కరెంటు ఆఁగును. కాని వేఁడియైన వస్తువు వెంటనే చల్లాఱదు గదా! రేకు చల్లాఱి తన పూర్వరూపమునకు వచ్చుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును. అప్పుడు 'టిక్కు' మని చప్పుడగును. ఆ చప్పుడే తాళము ఇచ్చు అనుమతి.

క్రొత్త యంత్రములు కొన్నింటిలో రేకునకు బదులు తీఁగచుట్టతో పనిచేయు అయస్కాంతముండును. యంత్రపు లోపలి బుద్ధి, అనఁగా ఎలక్ట్రానిక్కు బోర్డు, ఆజ్ఞ యిచ్చినపుడు బిగియును. మఱల ఆజ్ఞ యిచ్చినపుడు వీడును. నడుమ కరెంటు పోయినచో ఆజ్ఞ యిచ్చువారు లేనందున అట్లే బిగిసియుండును. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును.

మన తార్కికులు పొగను చూచి నిప్పును ఊహించుట నేర్పిరి. ఏది యున్నచో ఫలముండునో, ఏది లేనిచో ఫలము లేకపోవునో, ఆ రెంటిని పరిశీలించి కారణమును నిర్ణయింపవలయును. దీనినే అన్వయ వ్యతిరేకములందురు. ఈ పద్ధతినే మన తలుపునకు వర్తింపఁజేయుదము. సులభమైన కారణము నుండి కఠినమైన దానికి వరుసగా పోవలయును.

మొదటిది, కాలము. యంత్రము ఆఁగిన పిదప ఐదు నిమిషములు పిడిని తాఁకక ఊరకుండుఁడు. వేఁడినీటితో ఉతికినచో మఱికొంత సేపు ఆఁగుఁడు. టిక్కుమను చప్పుడు వినఁబడకముందే పిడిని లాగుట వలననే పెక్కు పిడులు విఱుగుచున్నవి. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు.

రెండవది, ముందు ఫలకము. దాని మీఁది గుఱుతులను చదువుఁడు. తాళపు గుఱుతుగాని, తాళపుచెవి గుఱుతుగాని వెలుఁగుచున్నదేమో చూడుఁడు. పిల్లలు మీటలు నొక్కకుండుటకై 'చైల్డు లాకు' అను ఏర్పాటు గలదు. అది పడినపుడు మీరేమి నొక్కినను యంత్రము పలుకదు. పెక్కు యంత్రములలో నిర్ణీతమైన మీటను కొన్ని సెకండ్లు ఒత్తిపట్టినచో అది తొలఁగును. ఏ మీటయో యంత్రముతో నిచ్చిన చిన్నపుస్తకమున నుండును. 'రిన్సు హోల్డు' అను మఱియొక ఏర్పాటు గలదు. బట్టలు ముడుతలు పడకుండుటకై యంత్రము చివరి నీటిలోనే వానిని నిలిపియుంచును. మీరు నీరు వదలుమనియో, పిండుమనియో చెప్పువఱకు తలుపు రాదు. ఇది లోపము కాదు. మన యాజ్ఞనే అది పాటించుచున్నది.

మూఁడవది, నీరు. గాజుగుండ చూడుఁడు. నీరు కనఁబడినచో దానిని పంపివేయనిదే తలుపు తెఱచుకొనదు. నీటి మట్టమును యంత్రము కంటితో చూడదు. తొట్టి అడుగున ఒక సన్నని గొట్టము గలదు. నీరు పెరిగినకొలఁది ఆ గొట్టములోని గాలి ఒత్తుకొనును. ఆ ఒత్తిడిని బట్టి మట్టమును గ్రహించును. చేతి ఉతుకునకైన సబ్బుపొడిని ఎక్కువగా వేసినచో నురుగు లేచియో, గొట్టమున మురికి చేరియో ఈ లెక్క తప్పును. అప్పుడు నీరు లేకున్నను ఉన్నట్లు యంత్రము భ్రమించును. కావున ఒకమాఱు నీరు వదలు మీటనో, పిండు మీటనో నొక్కి చెవి యొగ్గి వినుఁడు. పంపు మ్రోఁగుచు నీరు పోయినచో మంచిదే. పంపు మూలుగుచున్నను నీరు పోకున్నచో, అడ్డము ఫిల్టరులోనో, బయటి పైపులోనో యున్నదని ఊహింపవలయును. పైపు గోడకును యంత్రమునకును నడుమ నలిగియున్నదేమో ముందు చూడుఁడు.

ఫిల్టరు సామాన్యముగా యంత్రపు క్రింది మూల చిన్న మూఁత వెనుక నుండును. దానిని తాఁకుటకు ముందు స్విచ్చి ఆర్పి ప్లగ్గు పెఱికివేయుఁడు. నీరు వేఁడిగా నున్నచో చల్లాఱువఱకు ఆఁగుఁడు. ఈ మాట మఱవరాదు. లోఁతు తక్కువగల వెడల్పు పళ్ళెమును క్రింద పెట్టుఁడు. చిన్న రబ్బరు గొట్టమున్నచో దాని బిరడా తీసి నీటిని పట్టుఁడు. లేనిచో ఫిల్టరు పిడిని ఎడమవైపునకు కొంచెము త్రిప్పుఁడు, నీరు కాఱును, పళ్ళెము నిండఁగానే బిగింపుఁడు, పాఱఁబోసి మఱల త్రిప్పుఁడు. తొందరపడి ఒక్కమాఱుగా ఊడఁదీసినచో నీరంతయు వంటయిల్లు చేరును. నీరు పూర్తిగా పోయిన పిదప ఫిల్టరును బయటికి తీయుఁడు. అందు నాణెములు, పిన్నీసులు, జాకెట్టు హుక్కులు, వెండ్రుకల ముద్దలు దొరకును. కడిగి గట్టిగా బిగించి, ప్లగ్గు పెట్టి, మఱల పిండు మీట నొక్కుఁడు. ఆ పని ముగిసినపుడు పెక్కుమాఱులు తలుపు తానే వీడును.

నాల్గవది, కరెంటు. పని నడుమ కరెంటు పోయినచో, రేకు గల తాళము కొంతసేపటికి చల్లాఱి తానే వీడును. కాని లోపల నీరుండవచ్చును. కావున కరెంటు లేనపుడు గాజుగుండ చూడక తలుపు తీయరాదు. అయస్కాంతపు తాళమైనచో కరెంటు వచ్చువఱకు వేచియుండవలయును. కరెంటు వచ్చినను ఫలకము పలుకనిచో, ప్లగ్గు తీసి కొన్ని నిమిషము లుంచి మఱల పెట్టి చూడుఁడు.

ఈ నాలుగును చూచినను తలుపు రాకున్నచో, కొన్ని యంత్రములలో ఆపదకు పనికివచ్చు ఉపాయ మొకటి కలదు. ఫిల్టరు మూఁత వెనుక నారింజవన్నెదియో, ఎఱ్ఱనిదియో ఒక చిన్న నాలుక గాని త్రాడు గాని యుండును. డ్రమ్ము పూర్తిగా ఆఁగి, నీరు పోయి, వేఁడి తగ్గి, ప్లగ్గు తీసియుండినపుడు మాత్రమే దానిని మెల్లగా క్రిందికి లాగవలయును. ఈ నాలుగు నియమములలో నేది తప్పినను, తాళము మనలను కాపాడుచున్న ఆపదనే మనము చేతులార తెచ్చుకొన్నవార మగుదుము.

అప్పటికిని రాకున్నచో లోపము తాళమునదో, పిడిదో యని నిర్ణయింపవచ్చును. టిక్కుమను చప్పుడు వినఁబడి, తాళపు గుఱుతు ఆఱిపోయి, పిడి మాత్రము వదులుగా ఊఁగుచున్నచో, పిడియో లోపలి కొక్కెమో విఱిగినది. చప్పుడే లేక పిడి గట్టిగా నున్నచో, తాళమో దాని కాజ్ఞ నిచ్చు బోర్డో చెడినది. ఇట మన పని ముగిసినది, మెకానిక్కును పిలువుఁడు. అతనితో 'తలుపు రాలే'దని మాత్రమే చెప్పక, నీరున్నదా లేదా, పంపు మ్రోఁగినదా లేదా, చప్పుడు వినఁబడినదా లేదా అని వరుసగా చెప్పినచో అతని శ్రమయు, మీ ధనమును మిగులును. కత్తులతోను, స్క్రూడ్రైవర్లతోను తలుపును పెకలించినచో గాజు పగులును, రబ్బరు చినుఁగును.

ఒక విషయమును మాత్రము గట్టిగా చెప్పక తప్పదు. తాళము మాటిమాటికి చెడుచున్నపుడు కొందఱు దాని తీఁగలను ఒండొంటితో కలిపి, తాళము లేకయే యంత్రము తిరుగునట్లు చేయుదురు. ఖర్చు తగ్గినదని మనము సంతసింతుము. ఆ దినము మొదలు ఆ యింట తలుపు తెఱచియున్నను డ్రమ్ము తిరుగఁగలదు. తిరుగుచున్న డ్రమ్ము పసివానికి ఆటవస్తువు. వాఁడు చేయి చాఁచును. తాళపు వెల ఎంతయైనను ఆ చేతి వెల కాదు. అట్టి మరమ్మతును ఒప్పుకొనకుఁడు. క్రొత్త తాళము వేయించుఁడు.

మఱియొకటి. వాసన రాకుండుటకై పని ముగిసిన యంత్రపు తలుపును ఓరగా నుంచుట మంచిదే. కాని ప్రాఁకులాడు బిడ్డలున్న యింట, రబ్బరును తుడిచి తడి యాఱిన పిదప తలుపును మూయుఁడు. మూయుటకు ముందు లోపలికి చూచుట అలవాటు చేసికొనుఁడు. దాఁగుడుమూఁతలాడు పిల్లలకు ఆ డ్రమ్ము గుహవలె తోఁచును. పాఁతబడి మూలఁబెట్టిన యంత్రమునకు తలుపును ఊడఁదీసి వేఱుగ నుంచుఁడు.

తెఱవవలసినపుడు తెఱచునదియే మంచి తలుపని మనము భావింతుము. తెఱవరానపుడు తెఱచుకొనకుండుటయు దాని ధర్మమే. అది రానన్నపుడు ఏల రానన్నదో ఒక్క నిమిషము విచారింపుఁడు. చేయి కంటె ముందు బుద్ధిని నడుపుఁడు.