గ్రామీణ మాజీ సైనికుల ఆరోగ్య రక్షణ

దేశ రాజధానికి నైరుతి దిశలోని ద్వారక ఉపనగరంలో నివసించే మాజీ సైనికునికి జబ్బుచేస్తే, ఢిల్లీ కంటోన్మెంటులోని బేస్ ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపాన గల మాధవరంలోని మాజీ సైనికుని పరిస్థితి వేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ తన బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు పొందిన ఆ గ్రామానికి, విశాఖపట్నంలోని నౌకాదళ ఆసుపత్రి ‘కళ్యాణి’ రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఇద్దరూ ఒకే పతాకం క్రింద సేవ చేసినవారే. సేవలో లేని భేదం వైద్యంలో మాత్రం ఉండవచ్చునా?

ఈ అంతరాన్ని తగ్గించటానికి భారత ప్రభుత్వం 2003 ఏప్రిల్ 1వ తేదీన మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకాన్ని ప్రారంభించింది. ఇది ఇ.సి.హెచ్.ఎస్. అన్న పేరుతో సుపరిచితం. అంతకుముందు పింఛనుదారులు ప్రధానంగా సైనిక ఆసుపత్రులపైననే ఆధారపడవలసి వచ్చేది. అక్కడ సేవలో ఉన్నవారికి ప్రాధాన్యం. పైగా ఆ ఆసుపత్రులు చాలావరకు కంటోన్మెంట్లలోనే ఉండేవి.

పథకంలో చేరేవారు ఒకేసారి చందా చెల్లించాలి. 1996 జనవరి 1కి పూర్వం పదవీ విరమణ చేసినవారికీ, యుద్ధంలో భర్తలను కోల్పోయిన స్త్రీలకూ ఈ చందా మినహాయించబడింది. సభ్యునితోపాటు అతనిపై ఆధారపడిన కుటుంబ సభ్యులు కూడా అర్హులు. వయస్సుగాని, అంతకుముందే ఉన్న వ్యాధిగాని సభ్యత్వానికి అడ్డు కాదు. సాధారణ వైద్యం పాలీక్లినిక్కులో లభిస్తుంది. అవసరమైతే అక్కడి వైద్యాధికారి రోగిని సైనిక ఆసుపత్రికిగాని, పథకం గుర్తించిన ప్రైవేటు ఆసుపత్రికిగాని పంపుతారు. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో రోగి సొమ్ము చెల్లించనవసరం లేదు.

ప్రారంభంలో 227 పాలీక్లినిక్కులు మంజూరు కాగా, 2010లో మరో 199 మంజూరయ్యాయి. సంచార వైద్యశాలలు కూడా వీటిలో చేరి ఉన్నాయి. అయితే ఒక ప్రాంతంలోని మాజీ సైనికుల సంఖ్యను బట్టి పాలీక్లినిక్కు స్థాయి నిర్ణయమవుతుంది. కనుక వారు పలుచగా, దూర దూరంగా నివసించే ప్రాంతాలకు సహజంగానే చిన్న కేంద్రాలు లభిస్తాయి. నెలనెలా రక్తపోటు మందులకు వెళ్ళే వృద్ధునికి మందు ఉచితమే. కాని బస్సు ఛార్జీ, తోడు వచ్చే కుమారుని ఒకరోజు కూలి ఉచితం కావు. వెళ్ళిన రోజున మందు లేకపోతే ఆ శ్రమంతా వృథా.

ఏ పథకానికైనా అమలు ఎంత ముఖ్యమో మూల్యాంకనం అంత ముఖ్యం. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2015లో వెలువరించిన నివేదిక ఈ పథకంలో మందుల కొరతను, ఆసుపత్రుల బిల్లుల పరిశీలనలోని లోపాలను ఎత్తిచూపింది. పరిధికి వెలుపల మిగిలినవారిని గుర్తించటం కూడా మూల్యాంకనంలో భాగమే. రెండవ ప్రపంచ యుద్ధ యోధులకు, ఎమర్జెన్సీ కమిషను, షార్ట్ సర్వీసు కమిషను అధికారులకు ఈ సౌకర్యాన్ని విస్తరించటానికి 2019 మార్చిలో ఆమోదం లభించింది. అప్పటికి పథకం ప్రారంభమై పదహారేండ్లు కావచ్చింది. ఆ యుద్ధంలో పాల్గొన్నవారిలో అనేకులు అప్పటికే కన్నుమూశారు.

2021 మే నెలలో రక్షణ మంత్రిత్వ శాఖ ప్రారంభించిన ‘సేహత్’ ద్వారా ఇంటినుండియే వైద్యుని సంప్రదించే వీలు కలిగింది. ఇది దూరభారాన్ని కొంత తగ్గించగలదు. కాని రక్తపరీక్షకు, పంటి చికిత్సకు మనిషి ప్రయాణం చేయక తప్పదు.

పాలీక్లినిక్కు రిజిస్టరులో వచ్చిన రోగుల పేర్లుంటాయి, రాలేకపోయినవారి పేర్లుండవు. అందువలన రోగుల సంఖ్య పెరిగినంత మాత్రాన పథకం సఫలమైనదని నిర్ణయించరాదు. సభ్యుల జాబితాను ముందుంచుకొని, ఏడాదిగా రానివారు ఎవరు, ఏ గ్రామంవారు, ఏ కారణంచేత రాలేదు అని విచారించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, గ్రామ పంచాయతీలు, మాజీ సైనికుల సంఘాలు ఈ పనిలో తోడ్పడగలవు. సరిహద్దున కాపలా కాసినవాడు ఏ గ్రామంవాడని నాడు ఎవరూ అడుగలేదు. నేడు అతనికి అందే వైద్యం కూడా అతని గ్రామం ఎంత దూరమన్నదానిపై ఆధారపడకూడదు.