బాలు ఆర్కెస్ట్రాలో ఇళయరాజా గిటార్

నెల్లూరు: నెల్లూరులో పెరిగిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినీరంగంలో నిలదొక్కుకుంటున్న తొలినాళ్లలో మద్రాసులో ఒక ఆర్కెస్ట్రాకు నాయకత్వం వహించారు. అందరికీ తెలిసిన సినిమా పాటలను వేదికలపై వినిపించే బృందమది. అనిరుత్త హార్మోనియం వాయించేవారు. గిటార్ ఇళయరాజాది, తరువాతి రోజుల్లో హార్మోనియం కూడా ఆయనే వాయించారు. ఆయన సోదరుల్లో భాస్కర్ తాళవాద్యాలు, గంగై అమరన్ గిటార్ చూసుకునేవారు.

బాలు తండ్రి సాంబమూర్తి హరికథా విద్వాంసులు. అయినా బాలు శాస్త్రీయ సంగీతాన్ని క్రమపద్ధతిలో అభ్యసించలేదు. మద్రాసు వెళ్లింది ఇంజినీరింగ్ చదువుకే. పన్నైపురం సోదరులది వేరే బడి. సవతి అన్న పావలర్ వరదరాజన్ బృందంతో తమిళ పల్లెలు తిరుగుతూ నేర్చినదే వారి విద్య. ఇళయరాజా మద్రాసులో ధనరాజ్ మాస్టారి వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించి, 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకులయ్యారు.

ఇతరుల పాటలు వాయిస్తూ పెనవేసుకున్న ఈ స్నేహానికి చివరకు పాటల హక్కే పరీక్ష పెట్టడం విచిత్రం. 2017లో బాలు అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడరాదని ఇళయరాజా నోటీసు పంపారు. టిక్కెట్లు పెట్టి జరిపే బహిరంగ కచేరీకి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుల అనుమతి అవసరం. ఆ పర్యటనలో బాలు ఆ పాటలు మానుకున్నారు. 2019లో చెన్నైలో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికపైకి వచ్చారు.