కొర్ర సాళ్ల నడుమ కంది

కర్నూలు, కడప ప్రాంతములందు ఏటికి సగటున 650, 700 మిల్లీమీటర్ల వర్షము కురియును. ఈ లెక్క మరీ తక్కువగా తోచదు. కాని రెండు వానల నడుమ ఎన్ని వారముల ఎడము వచ్చునో ఎవరును చెప్పజాలరు. మెట్టసేద్యమునకు అసలు చిక్కు ఇదియే. దీనికి చిన్నరైతు కనుగొనిన ఉపాయమొకదానిని శ్రోతలకు వివరింపదలచితిమి.

ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది కలిపి విత్తుటయే ఆ ఉపాయము. కొర్ర మూడు నెలలలో చేతికి వచ్చును; దాని వేళ్లు పైమట్టి తేమను తీసికొనును. కంది మొదట మెల్లగా పెరిగి, కొర్ర కోసిన పిదప కొమ్మలు చాచి, తల్లివేరుతో అడుగు తేమను అందుకొని, ఐదారు నెలలకు పండును. ముందు వానలు తప్పినచో కంది మిగులును. వెనుకటి వానలు తప్పునాటికి కొర్ర ఇల్లు చేరియుండును.

పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. ఆ చెరువు నిర్మాణమున రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందు కలదు. అట్టి చెరువు లేని మెట్టకు నేలయే చెరువు. రాలిన కందాకు, పశువుల ఎరువు కలిసిన మట్టి వాననీటిని ఎక్కువ నాళ్లు పట్టియుంచును. కంది వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు అందించును. కొర్రగడ్డి పశువులకు మేత, కందికట్టె పొయ్యికి వంటచెరకు.

చేను ఒకరిదైనను, దాని మేలు ఊరిది. 1876–78 నాటి ధాత కరువున పంటలు పోవుటతోపాటు కూలిపనులును పోయెను, ధాన్యపు ధరలు పేదలకు అందకపోయెను. ఇంట తిండిగింజలు, పొరుగున విత్తనము, రెండు కోతలకు కూలిపని ఉన్న పల్లె కొంతవరకైనను నిలద్రొక్కుకొనగలదు.

వేరుసెనగ రైతునకు రొక్కము తెచ్చినమాట నిజమే. కాని ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినచో ఏడాది కష్టమంతయు పోవును. ఒక్క పంటను నమ్ముట ఒక్క వానను నమ్ముటయే.

2016లో రాష్ట్రమున ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమును, 2023లో ఐక్యరాజ్యసమితి జరిపిన చిరుధాన్య సంవత్సరమును ఈ పంటలపై మరల దృష్టి నిలిపినవి. అయినను కొర్ర పొట్టు తీయుట శ్రమతో కూడిన పని. ఆ దంపుడు భారమును తరతరములుగ స్త్రీలే మోసిరి. పొట్టు తీయు చిన్న మర ఊరిలోనో, దాపుననో ఉన్నగాని కొర్ర తిరిగి ఇంటివారి కంచములోనికి రాదు. కావున విత్తనముతోపాటు మరను గూర్చియు గ్రామస్థులు కలిసి ఆలోచింపవలెనని మా మనవి.