కస్టమ్ కీబోర్డ్‌లో ఆర్‌జీబీ సెట్ చేస్తున్నారా? రంగుల కంటే ముందు కరెంట్ లెక్క చూసుకోండి

ఫంక్షన్ కీ నొక్కిన ప్రతిసారీ నా కీబోర్డ్ చచ్చిపోయేది. లైట్లన్నీ ఒక్క క్షణం తెల్లగా వెలిగి ఆరిపోయేవి. ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అయిన సౌండ్, వెంటనే "పవర్ సర్జ్" అని ఓ నోటిఫికేషన్. అది కూడా ఎప్పుడు? ఆఫీస్ ఆన్‌కాల్‌లో ఉండి, అర్ధరాత్రి సర్వర్‌లో కమాండ్ టైప్ చేస్తున్నప్పుడు.

నేను బంజారా హిల్స్‌లో ఒక పీజీలో ఉంటాను. 68 కీల బోర్డు, ప్రతి కీ కింద ఒక ఎల్‌ఈడీ, ఆర్‌పీ2040 చిప్, క్యూఎంకే ఫర్మ్‌వేర్. అంతా సొంతంగా సోల్డర్ చేసుకున్నదే. ముందు కేబుల్ మీద డౌట్ వచ్చి కొత్తది కొన్నా, తేడా లేదు. తర్వాత నా సోల్డరింగ్ మీద డౌట్ వచ్చి రెండు ఎల్‌ఈడీలు పీకి మళ్లీ పెట్టా. ఈ గొడవలో ఒక ప్యాడ్ కూడా లేచిపోయింది.

చివరికి అమీర్‌పేటలో ఒక మొబైల్ రిపేర్ షాప్‌కి తీసుకెళ్లా. అక్కడి అన్న బోర్డుని తన పవర్ సప్లైకి కలిపి, ఫంక్షన్ కీ నొక్కమన్నాడు. మీటర్‌లో అంకె ఒక్కసారిగా ఎగిరింది. "బోర్డు బానే ఉంది తమ్ముడూ, కరెంటే మస్తు గుంజుతోంది" అన్నాడు. అంటే తప్పు సోల్డరింగ్‌లో లేదు, నేను రాసిన కాన్ఫిగరేషన్‌లో ఉంది. మీరు ఆ తప్పు చేయకుండా ఈ ఆర్టికల్.

అసలు ఈ ఎల్‌ఈడీలు ఎలా పనిచేస్తాయి?

డబ్ల్యూఎస్2812 లాంటి అడ్రసబుల్ ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలతో పాటు ఒక చిన్న కంట్రోలర్ చిప్ ఉంటుంది. అన్నీ ఒకే డేటా వైర్ మీద గొలుసులా ఉంటాయి. ఒక్కో ఎల్‌ఈడీకి 24 బిట్లు. మొదటిది తన 24 బిట్లు తీసుకుని మిగతావి పక్కదానికి పంపిస్తుంది. అందుకే 68 ఎల్‌ఈడీలకు కూడా ఒక్క పిన్ సరిపోతుంది.

కానీ డేటా ఒక్క వైర్‌లో వెళ్లినంత తేలిగ్గా కరెంట్ వెళ్లదు. ఒక్కో రంగుకి దాదాపు 20 మిల్లీఆంప్స్ అని లెక్కేస్తారు. పూర్తి తెలుపు అంటే మూడు రంగులూ ఫుల్, అంటే 60. నా బోర్డుకి 68 × 60 = 4,080 మిల్లీఆంప్స్, నాలుగు ఆంప్స్ పైనే! యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంప్స్. ఫర్మ్‌వేర్‌లో మ్యాక్స్ పవర్ అనే సెట్టింగ్ ఉంటుంది కానీ, అది కంప్యూటర్‌కి మనం చెప్పే మాట మాత్రమే. ఆ అంకె పెంచితే పోర్ట్ ఎక్కువ ఇవ్వదు.

క్యూఎంకేలో సెటప్

1. ఫీచర్ ఎంచుకోండి: బోర్డు అడుగున వెలిగే స్ట్రిప్ అయితే ఆర్‌జీబీ లైట్. ప్రతి కీ కింద ఎల్‌ఈడీ ఉంటే ఆర్‌జీబీ మ్యాట్రిక్స్.

2. డ్రైవర్, పిన్: కీబోర్డ్ డాట్ జేసన్ ఫైల్‌లో మ్యాట్రిక్స్ డ్రైవర్‌గా డబ్ల్యూఎస్2812 ఇచ్చి, డేటా పిన్ రాయాలి. ఆర్‌పీ2040 అయితే డబ్ల్యూఎస్2812 సెక్షన్‌లో డ్రైవర్ "వెండర్" అని పెట్టండి.

3. లేఅవుట్: ప్రతి ఎల్‌ఈడీకి కీ స్థానం, ఎక్స్ (0 నుంచి 224), వై (0 నుంచి 64) ఇవ్వాలి. లిస్ట్‌లో వరుస కీల వరుస కాదు, డేటా వైర్ వెళ్లే వరుస. చాలా బోర్డుల్లో మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకి వెళ్తుంది. ఒక కీ నొక్కితే ఇంకెక్కడో వెలుగుతోందంటే తప్పు ఇక్కడే.

4. మ్యాక్స్ బ్రైట్‌నెస్: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఏమీ ఇవ్వకపోతే 255 తీసుకుంటుంది. చిప్‌కి, ఎల్‌ఈడీలు ఖాళీగా ఉన్నప్పుడు తాగేదానికి కలిపి 100 పక్కన పెడితే, లైట్లకి మిగిలేది 400. దాన్ని 4,080తో భాగించి 255తో గుణిస్తే 25 వస్తుంది. అక్కడ మొదలుపెట్టి, యూఎస్‌బీ మీటర్ చూస్తూ, పూర్తి తెలుపు మీద కొంచెం కొంచెం పెంచండి. నా ఎల్‌ఈడీలు లెక్క కంటే తక్కువే తాగుతున్నాయి కాబట్టి 40 దగ్గర ఆగా. "255లో 40 అంటే చీకటే కదా" అనుకోకండి. మన కన్ను వెలుగుని సమానమైన మెట్లలో చూడదు. రాత్రి గదిలో 40 బాగా సరిపోతుంది.

నన్ను ముంచింది ఇక్కడే

40 పెట్టి ఫ్లాష్ చేశా. ఎఫెక్ట్స్ అన్నీ బాగున్నాయి. ఫంక్షన్ కీ నొక్కా, మళ్లీ డిస్‌కనెక్ట్!

కారణం ఏంటంటే, మ్యాక్స్ బ్రైట్‌నెస్ ఎఫెక్ట్స్‌కి మాత్రమే వర్తిస్తుంది. లేయర్ మారినప్పుడు అన్ని కీలూ తెల్లగా వెలగాలని ఇండికేటర్ ఫంక్షన్‌లో నేనే రాసుకున్నా. అక్కడ మనం ఇచ్చే రంగు నేరుగా ఎల్‌ఈడీకి వెళ్తుంది, లిమిట్ దాన్ని ఆపదు. 255, 255, 255 అని రాస్తే అంతే వెలుగుతుంది. అక్కడ 40, 40, 40 పెట్టా. తర్వాత ఇంకా మార్చి, ఆ లేయర్‌లో పనిచేసే కీలు మాత్రమే వెలిగేలా చేశా. చూడ్డానికి కూడా అదే బాగుంది.

ఇంకో మూడు విషయాలు

• లైట్ సెట్టింగ్స్ ఈఈప్రామ్‌లో సేవ్ అవుతాయి. కొత్త ఫర్మ్‌వేర్ వేసినా పాత బ్రైట్‌నెస్ కనిపిస్తే, ఈఈప్రామ్ క్లియర్ చేసే కీకోడ్ ఒకసారి నొక్కండి.
• గొలుసు చివర్లో తెలుపు కాస్త పసుపుగా కనిపిస్తే అక్కడ వోల్టేజ్ పడిపోతోందని అర్థం. ముందు బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి.
• పిచ్చి రంగులతో మినుకుమినుకుమంటుంటే డేటా సిగ్నల్ చూడండి. 5 వోల్టుల డబ్ల్యూఎస్2812బికి 3.5 వోల్టుల సిగ్నల్ కావాలి, ఆర్‌పీ2040 ఇచ్చేది 3.3. చాలాసార్లు పనిచేస్తుంది, చేయకపోతే లెవల్ షిఫ్టర్ పెట్టాలి.

నా బోర్డు ఇప్పుడు ఆన్‌కాల్ రాత్రుల్లో కూడా నిలబడుతోంది. లేచిపోయిన ఆ ప్యాడ్ దగ్గర మాత్రం ఒక జంపర్ వైర్ అలాగే ఉంది. మీరు సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు ఆ రెండు అంకెలూ చూడండి: మ్యాక్స్ బ్రైట్‌నెస్ ఎంత ఉంది, ఇండికేటర్‌లో ఏం రాశారు.