నింగి చేజారాక పుట్టిన 'సుడిగాలి'

ట్యాంకు అనగానే మనకు ఉక్కు కవచమూ, పెద్ద ఫిరంగీ గుర్తుకొస్తాయి. ఎదురుగా వచ్చే శత్రువుతో తలపడటానికి చేసిన బండి అది. కాని దాని బలహీనత నెత్తిమీద వుంది. పైకప్పు రేకు పలచన. ఫిరంగిని ఆకాశంవైపు నిటారుగా ఎత్తే వీలూ వుండదు.

1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరాన దిగేనాటికి అక్కడి ఆకాశం వాళ్ల చేతిలో వుంది. టైఫూన్, థండర్‌బోల్ట్ విమానాలు రోడ్ల వెంట వేటాడుతుంటే జర్మన్ దళాలకు పగటిపూట కదలడమే గండమైంది.

దీనికి విరుగుడుగా ఆ యేడాదే వచ్చింది 'విర్బెల్‌విండ్'. అంటే సుడిగాలి. యుద్ధరంగం నుంచి మరమ్మతుకు వచ్చిన 'పాంజర్ నాలుగు' ట్యాంకుల టరెట్ తీసేసి, తొమ్మిది పలకల కొత్త టరెట్ అమర్చారు. అందులో 20 మిల్లీమీటర్ల తుపాకులు నాలుగు. గన్నర్ కాళ్ల దగ్గర రెండు పెడల్స్. ఒక్కో పెడల్ ఐమూలగా వున్న రెండు తుపాకుల్ని పేలుస్తుంది. ఒక జతకు మేగజైన్లు మార్చేటప్పుడు రెండో జత పేలుతూనే వుండవచ్చు. ఉపాయం బాగుంది కదూ!

ఇక లెక్క చూద్దాం. నాలుగూ ఏకధాటిగా పేలితే నిమిషానికి 1800 గుండ్లు. బండిలో పట్టేవి 3200. రెండు నిమిషాలక్కూడా చాలవు! మేగజైన్‌కు 20 గుండ్లే కనుక, మార్చుకుంటూ పేల్చితే వేగం నిమిషానికి 800 దాకా పడిపోతుంది. అయినా నాలుగు నిమిషాల సరుకే.

పొగ బయటకు పోవాలి, విమానం కంటికి కనపడాలి. అందుకని టరెట్‌కు కప్పు పెట్టలేదు. ప్రమాదం ఎటునుంచి వస్తుందో అటే తెరిచి వుందన్నమాట. చిన్న గుండ్ల దెబ్బ చాలడం లేదని తర్వాత 37 మిల్లీమీటర్ల తుపాకి ఒక్కటే పెట్టి 'ఓస్ట్‌విండ్' చేశారు. అవి కొన్ని పదులు మించలేదు. విర్బెల్‌విండ్‌లు సుమారు వంద.

వంద బండ్లు వేల విమానాలను ఆపుతాయా? జర్మన్ యుద్ధవిమానాలకు పెట్రోలు కరువైంది; కృత్రిమ ఇంధన కర్మాగారాల మీద 1944 మే నుంచి బాంబులు పడుతూ వచ్చాయి. పోగొట్టుకున్నది ఆకాశం, దాన్ని నేలమీది బండితో తిరిగి తెచ్చుకోబోయారు.

ఈ బండి ఆలోచన 12వ ఎస్.ఎస్. పాంజర్ డివిజన్‌కు చెందిన అధికారిదని చెబుతారు. ఆ డివిజన్ సైనికుల్లో ఎక్కువమంది హిట్లర్ యువజన సంఘం నుంచి చేర్చుకున్న పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. మన కాలేజీలో అప్పుడే అడుగుపెట్టేవాళ్ల వయసు. ఓడిపోతున్న యుద్ధాన్ని ఆపలేని నాజీ నాయకత్వం అలాంటి కుర్రాళ్లను పోరుకు పంపుతూనే పోయింది. యంత్రంలో తెలివికి లోటు లేదు. లోటంతా దాన్ని నడిపించినవాళ్లలోనే వుంది.