చీటిగుడ్డ మోజు

ఒక యేడు వీథివీథినను గానవచ్చిన చీర మఱుసటి యేటికి పెట్టె యడుగునకు జేరును. అది చినుగలేదు, రంగు వెలియలేదు. మఱి దానియందు తఱిగిన దేమి? మన బందరు చీటిగుడ్డల చరిత్రలో నీ ప్రశ్నకు సమాధానము కొంత దొరకును.

డచ్చివారి వెనుక 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వారు కొనిపోయిన సరకులలో నద్దకపు గుడ్డ యొకటి. మనవారు నూలుగుడ్డను కరక్కాయ కషాయమున నానవైచి, పటికనీటితో పువ్వులు దీర్చి, చిరివేరు రంగున నుడికించెడివారు. పటిక తగిలినచోట నెఱుపు నిలుచును. ఎన్ని మారులుతికినను బోదు. ఐరోపాలో నప్పటికి గుడ్డపై వేయు బొమ్మలు నీట దడిసిన జెదరిపోవుచుండెడివి. ఉతుకునకు నిలుచు పువ్వును జూచి యచటి స్త్రీలు మురిసిపోవుటలో వింత లేదు.

మొదట నవి దుప్పట్లకును దెరలకును వాడుకయయ్యెను. తరువాత పనికత్తెలు గౌనులు కుట్టించుకొనిరి, పిదప దొరసానులును. పెద్దింటివారిని జూచి పేదింటివారు వాతలు పెట్టుకొందురని మనము సామాన్యముగా ననుకొందుము. ఇచట మోజు క్రిందినుండి మీది కెక్కినదని 1708లోనే డేనియల్ డీఫో యను రచయిత యెత్తిపొడిచెను.

ఉన్నిని, పట్టును నేయువారికి బని తగ్గెను. ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700, 1721 సంవత్సరములలోను నిషేధశాసనములు చేసెను. 1719లో లండను నేతగాండ్రు చీటిగౌను దొడిగిన స్త్రీలపై బడి, బట్టలు చించి, సిరాయు ద్రావకమును జల్లిరి. వారి యాకలి నిజమే. కాని కసి దీర్చుకొనుటకు వారికి వీథిని బోవు నాడుదియే కనబడుట నాకు సహింపరాదు. ఇంత జరిగియు మోజు చావలేదు. దొరకకపోవుటయు నొక సొగసే కదా!

దానిని జంపినది చౌకదనము. నిషేధములు ఫ్రాన్సున 1759లోను, ఇంగ్లండున 1774లోను తొలగెను. 1783లో థామస్ బెల్ అనువాడు, పూలు చెక్కిన రాగి గొట్టములు దొర్లించి యద్దు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఇక గుడ్డ గజములకొలది వచ్చిపడెను. అందఱి యింటను బూచిన పువ్వు నెవరు మెత్తురు? 1851లో జార్జి ఎలియట్ అను రచయిత్రి 'చింట్జు' అను నీ గుడ్డ పేరునుండియే యొక విశేషణమును జేసి, నాసిరకమను నర్థమున వాడెను.

తోటివారివలె నుండవలెను, తోటివారికంటె వేఱుగను నుండవలెను. ఈ రెండు కోరికలనుండి మోజు పుట్టునని జర్మను పండితుడు జార్జి సిమ్మెల్ 1904లో వ్రాసెను. మొదటిది నెఱవేఱినకొలది రెండవది చెడును.

దూరదేశపు దొరసానుల మనసు మాఱుట, యంత్రపు గుడ్డ మన సంతలకే దిగుట, రెండును మన యద్దకపువారి కుండలపై బడినవి. 1950ల తరువాత కమలాదేవీ చట్టోపాధ్యాయగారి వంటివారి పూనికచే శ్రీకాళహస్తి కలంకారి మరల తలయెత్తెను. బందరు చెంతనున్న పెడనలో నేటికిని చెక్క యచ్చులతో నద్దుచున్నారు. ఇపుడు కలంకారియే మోజైనది గనుక ఆ పేర యంత్రపు గుడ్డయు విరివిగా నమ్ముడగుచున్నది. కొనునపుడు అచ్చు అచ్చు కలియుచోటు చూడుడు. గీత యించుక తప్పియున్నచో సామాన్యముగా నది చేతిపని.