తమ్ముడు 2004లో పుట్టాడట!

మాది పెదపారుపూడి. రామోజీరావు గారు పుట్టిన ఊరంటే గుడివాడ వైపు ఎవరైనా దారి చెప్తారు. ఈరోజు ఎపిసోడ్‌లో యాప్ రివ్యూ లేదు, మా ఇంటి సంగతే.

మా తమ్ముడు ఏడో తరగతి. సొంత ఫోన్ లేదు, అమ్మ ఫోనే. దాంట్లో ఒక యాప్‌లో అకౌంట్ తెరిచి పుట్టిన సంవత్సరం 2004 అని కొట్టాడు. అది నాది! గేమ్ గిఫ్టులు ఇస్తానని ఎవడో పరిచయమయ్యాడు, ఫొటో అడిగాడు, వీడు పంపాడు. ఆ తర్వాత డబ్బులు పంపకపోతే మార్ఫింగ్ చేసి మీ క్లాసు వాళ్లందరికీ పెడతానని బెదిరింపు. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదండి. అన్నం సరిగ్గా తినట్లేదు, అమ్మ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు. నేను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే ఏడ్చేశాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, "ఫోన్ కాలవలో పారేస్తానని అమ్మ అంది కదక్కా."

నాకు అక్కడే తగిలింది. వాడు బెదిరించినవాడి కంటే మాకే ఎక్కువ భయపడ్డాడు. ఇలాంటివాళ్లకు కావాల్సింది కూడా అదే, పిల్లాడు ఇంట్లో నోరు విప్పకపోవడం.

డబ్బులు పంపలేదు. స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేశాం, ముందే చేస్తే ఆధారం పోతుందని. ఇలాంటప్పుడు ఫిర్యాదుకి 1930 నంబరు ఉంది, పిల్లల సాయానికి 1098 ఉంది. సేవ్ చేసుకోండి.

వయసు అబద్ధం చెప్తే ఏం పోతుందో కూడా చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌నే తీసుకుంటే 13 నిండాలి. 13 నుంచి 17 వాళ్లకి టీన్ అకౌంట్ వస్తుంది. అది మొదటినుంచీ ప్రైవేటే, ముక్కూమొహం తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు రావు. 16 లోపు వాళ్లు వీటిని సడలించాలంటే అమ్మానాన్న ఒప్పుకోవాలి. 2004 అని కొడితే ఈ కాపలా అంతా పోయినట్టే.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు బంద్. మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. బాగానే ఉంది కానీ, మా ఇంట్లో అమ్మకొచ్చిన ఓటీపీ చదివి చెప్పేది తమ్ముడే!

అందుకని అన్నాల దగ్గర కూర్చుని మేమే రూల్స్ పెట్టుకున్నాం. మొదటిది, తప్పు జరిగిందని వచ్చి చెప్తే ఫోన్ లాక్కోం, కొట్టం. అమ్మ దీనికి ఓ పట్టాన ఒప్పుకోలేదు. "అలుసైపోతాం" అంది. ఆ తొమ్మిది రోజులు గుర్తు చేస్తే మెత్తబడింది.

రెండోది, రాత్రి 10కి అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి. ఇక్కడ నాన్న అడ్డం తిరిగాడు. చేలో నీళ్ల వంతు గురించి ఏ అర్ధరాత్రో ఫోన్ వస్తుందట. నిజమే కదా! రింగు పెద్దగా పెట్టి, నెట్ ఆపేసేలా సర్దుకున్నాం. అసలు సంగతేంటంటే, దుప్పట్లో రీల్స్ చూసేది నాన్నే.

మూడోది తమ్ముడు అడిగింది. తలకి నూనె రాసుకున్న వాడి ఫొటో అమ్మ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిందట, స్కూల్లో నవ్వారట. ఇకపై ఎవరి ఫొటో అయినా వాళ్లనడిగే పెట్టాలి.

నెల దాటింది. మొన్న నాన్న ఫోన్ పదీ పావుకి హాల్లోకి వచ్చింది. తమ్ముడు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టాడు.